పాలడిన్ ఉన్న పార్టీ ముందు మోసగాళ్ళ కల్ట్‌ని నడపడం ఎలా?

మీ ప్రశ్న మొత్తం చదివాను. ఐదుగురు ప్లేయర్స్, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, పాచికలతో కథ ఆడుకునే టేబుల్ ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఓడరేవు పట్నంలో పేదలకి తిండి పెట్టి ఉచితంగా మందులిచ్చే ఒక మఠం, లోపల్లోపల మాత్రం వాళ్ళు చచ్చిపోయిన సముద్ర దేవుణ్ణి లేపే పనిలో ఉన్నారు. ఈ సంగతి ఎనిమిదో లెవెల్ దాకా బయటపడకూడదని మీ ప్లాన్, కానీ పార్టీలో (ప్లేయర్స్ ఆడే పాత్రల గుంపులో) పాలడిన్ ఉన్నాడు (దైవశక్తి ఉన్న యోధుడు), బార్డ్ ఉన్నాడు (పాటలతో మంత్రాలు వేసేవాడు), పైగా మీ వాళ్ళు "ఫ్రీగా ఏదైనా ఇస్తున్నాడంటే వాడే విలన్" అని మొదటి సెషన్‌లోనే అనేసే బాపతు. ఎలా దాచాలి అని అడిగారు.

నన్నడిగితే దాచడం మీద అంత కష్టపడకండి. మీ నోటితో మీరు ప్లేయర్స్‌కి ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా, మఠంలో ఎక్కువమంది కూడా అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకుండా కథని కట్టుకోండి. అప్పుడు స్పెల్స్ (మంత్రాలు) ఎన్ని వేసుకున్నా మీకు టెన్షన్ ఉండదు, నిజం బయటపడ్డ రోజున కూడా ఎవడూ "డీఎం (అంటే ఆట నడిపే మీరు) చీట్ చేశాడు" అనడు, "అరే, మనకి ముందే చెప్పారు కదరా మఠం వాళ్ళు" అంటారు. ఆ రియాక్షన్ కోసమే ఇలాంటి క్యాంపెయిన్ నడపాలి.

ముందు అబద్ధాలు ఆపే స్పెల్ జోన్ ఆఫ్ ట్రూత్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరి భయం దాని మీదే. స్పెల్‌ని ఒకసారి నిదానంగా చదవండి. 15 అడుగుల రేడియస్, 10 నిమిషాలు, కరిస్మా సేవ్ (స్పెల్‌ని తట్టుకోడానికి వేసే పాచిక) ఫెయిలైనవాడు లోపల ఉన్నంతసేపు కావాలని అబద్ధం చెప్పలేడు, ఫెయిలయ్యాడో లేదో స్పెల్ వేసినవాడికి తెలుస్తుంది. అంతే. నోరు తెరిచి తీరాలన్న రూల్ లేదు, తన మీద స్పెల్ పడిందని వాడికీ తెలుసు కాబట్టి డొంకతిరుగుడుగా మాట్లాడుకోవచ్చు కూడా. అసలు కిటుకంతా "కావాలని" అన్న దగ్గర ఉంది. తను నమ్మిందే చెప్పేవాడి మీద ఈ స్పెల్‌కి పనే లేదు. కాబట్టి మఠంలో ఎక్కువమందికి ఏమీ తెలియకుండా పెట్టండి. వంటవాళ్ళు, మందులు నూరేవాళ్ళు, గాయాలు కడిగేవాళ్ళు, వీళ్ళంతా నిజంగానే మంచివాళ్ళు. వాళ్ళ పైన ఓ పది పన్నెండు మంది, వాళ్ళు కొన్ని వింతలు చూశారు కానీ ప్రతి వింతకీ వాళ్ళ దగ్గర ఒక నమ్మదగ్గ కారణం ఉంది (అమావాస్య రాత్రి ఒడ్డున చేసే ప్రార్థన దేనికయ్యా అంటే మునిగిపోయినవాళ్ళ శాంతికి అంటారు, మనస్ఫూర్తిగా అంటారు). మొత్తం తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురు కూడా తాము ఊరిని కాపాడుతున్నాం అనే అనుకోవాలి, లేకపోతే కార్టూన్ విలన్స్ అయిపోతారు.

టేబుల్ మీద ఇది ఎలా ఉంటుందో చూపిస్తా. రోగుల వార్డు చూసుకునే ముసలావిడ ఉంది అనుకోండి, అందరూ పెద్దమ్మ అని పిలుస్తారు. పాలడిన్ స్పెల్ వేశాడు, ఆవిడ సేవ్ ఫెయిలైంది, అతనికి ఆ విషయం తెలిసింది. అడిగాడు: "మీ దగ్గర చేరిన రోగుల్లో ఎవరైనా కనపడకుండా పోయారా?" ఆవిడ తడుముకోకుండా చెప్తుంది, "పోకేం నాయనా, నా అనేవాళ్ళు లేనివాళ్ళు ఒంట్లో బాగయ్యాక ఇక్కడ ఉండి ఏం చేస్తారు, కొత్త ఊళ్ళో పని చూపిస్తాం అని మన పెద్దలే ఓడ ఎక్కిస్తారు. రేవు దాకా నేనే వెళ్తాను, చేతిలో బట్టల మూట పెట్టి పంపిస్తాను." "వాళ్ళు బాగున్నారా అక్కడ?" "ఉత్తరాలు వస్తాయిగా. నాకు చదవడం రాదు, పెద్దాయన చదివి వినిపిస్తారు."

ఒక్క అబద్ధం లేదు. పాలడిన్ ప్లేయర్ తృప్తిగా కూర్చుంటాడు. కానీ గమనించండి, ఆవిడ ఈ నాలుగు మాటల్లో మొత్తం కేసు ఇచ్చేసింది: ఓడ, వెనకా ముందూ ఎవరూ లేనివాళ్ళని ఏరడం, చదివి వినిపించే పెద్దాయన. రేపు ఎప్పుడో బార్డ్ ఆ ఓడ వెళ్తుందన్న పట్నంలో దిగి "ఇక్కడికి మఠం వాళ్ళ ఓడ ఏదైనా వస్తుందా" అని అడిగితే హార్బర్ గుమాస్తా రిజిస్టర్ తిరగేసి అలాంటి ఓడ ఎప్పుడూ రాలేదు అంటాడు. ఆ క్షణంలో పెద్దమ్మ మొహం వాళ్ళకి గుర్తొస్తుంది చూడండి, దానికి ఏ ట్విస్టూ సరిపోదు. అంటే స్పెల్ ఫెయిలవలేదు, స్పెల్ వల్లే క్లూ దొరికింది. ప్లేయర్ వాడిన స్లాట్ (లెక్కపెట్టి ఇచ్చే స్పెల్స్‌లో ఒకటి) వేస్ట్ అవ్వలేదన్నమాట. ఇది చాలా ముఖ్యం, పవర్ వాడిన ప్రతిసారీ ఏదో ఒక నిజమైన సమాచారం చేతికి రావాలి, వాళ్ళు ఎదురుచూసింది కాకపోయినా సరే.

డివైన్ సెన్స్ (పాలడిన్‌కి ఉండే పసిగట్టే శక్తి) అయితే ఇంకా తేలిక. 60 అడుగుల్లో సెలెస్టియల్ (దేవలోకపు జీవి), ఫీండ్ (నరకపు జీవి), అన్‌డెడ్ (చచ్చినా తిరిగేది) ఉంటే చెప్తుంది, అదీ టోటల్ కవర్ (పూర్తిగా కప్పేసే అడ్డు) వెనక లేకపోతేనే. మామూలు మనిషి ఎంత దుర్మార్గుడైనా అందులో కనపడడు. చాలామంది పాత ఎడిషన్ల అలవాటులో పాలడిన్‌కి చెడ్డవాళ్ళు వాసన తగులుతారు అనుకుంటారు, ఐదో ఎడిషన్‌లో అది లేదు. అయితే పవిత్రం చేసిన చోటు, అపవిత్రం చేసిన చోటు మాత్రం పసిగడుతుంది, కాబట్టి పూజ జరిగే గుహని మఠం కింద పెట్టకండి, దూరంగా సముద్రం వైపు పెట్టండి. మఠం గర్భగుడి మాత్రం నిజంగానే పవిత్రమైనదిగా ఉంచండి, ఎందుకంటే అది ఎప్పటిదో పాత గుడి, వీళ్ళు వచ్చి చేరారంతే.

మనసు చదివే స్పెల్ డిటెక్ట్ థాట్స్ కాస్త ప్రమాదం. పైపై ఆలోచనలైతే ఆ నిమిషంలో మనసులో ఏముందో అదే వస్తుంది, లోపలి ముగ్గురిలో ఒకరికి నిత్యం ఏదో స్తోత్రం మనసులో తిప్పుకునే అలవాటు పెడితే సరిపోతుంది, అదీ ఒక క్లూయే. లోతుకు తవ్వితే విజ్డమ్ సేవ్, ఎదుటివాడికి తవ్వుతున్నారని తెలిసిపోతుంది. ఊరంతా దేవతలా చూసే మనిషి నడివీధిలో "నా తలలో దూరుతున్నావా నాయనా" అని అడిగిందనుకోండి, ఆ తర్వాత మీరేమీ చెయ్యక్కర్లేదు, ఊరే చూసుకుంటుంది. రింగ్ ఆఫ్ మైండ్ షీల్డింగ్ (మనసు చదవనివ్వని ఉంగరం) ఒకటే ఒకటి పెట్టండి, పెద్దాయన చేతికి. ముగ్గురికీ ఇస్తే చీప్‌గా ఉంటుంది. ఆ ఉంగరం జోన్ ఆఫ్ ట్రూత్‌ని ఆపుతుందా లేదా అని టేబుల్ దగ్గర వాదన లేవడం ఖాయం, మీ రూలింగ్ ఏంటో ముందే రాసి పెట్టుకోండి. ఇంకో సంగతి, ఆ ఉంగరం పెట్టుకుని చనిపోతే ఆత్మ ఉంగరంలోకి వెళ్తుంది, తర్వాత ఎవరు పెట్టుకుంటే వాళ్ళతో మనసులోనే మాట్లాడగలదు, పెట్టుకున్నవాడు దాన్ని ఆపలేడు. పెద్దాయన్ని చంపి లూట్ పంచుకునే మీ రోగ్ (దొంగ పాత్ర) గురించి ఆలోచించండి, నవ్వొస్తోంది నాకు.

శవాన్ని మాట్లాడించే స్పెల్ స్పీక్ విత్ డెడ్‌కి నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ఒక శవం మీద ఆ స్పెల్ ఒకసారి పడితే 10 రోజుల దాకా మళ్ళీ పని చెయ్యదు. కాబట్టి మఠం వాళ్ళు ఊళ్ళో ఎవరు పోయినా "చివరి మాట" అనే ఆచారం చేస్తారు, పూజారి శవాన్ని మాట్లాడించి కుటుంబానికి ఆఖరి కబురు వినిపిస్తాడు. జనానికి అదంటే ప్రాణం, తండ్రి గొంతు ఇంకోసారి వినడం అంటే మాటలా. స్పెల్ ఇచ్చే ఐదు ప్రశ్నల్లో కుటుంబం తరఫున రెండు మూడు అడిగి వదిలేస్తారు, అసలు పని 10 రోజులు శవం నోరు మూయించడం. ఆలోపు ఖననం అయిపోతుంది. పార్టీలో ఎవరో ఒకరు హత్యకేసులో స్పెల్ వేస్తే ఫెయిలవుతుంది, ఎందుకు ఫెయిలయిందో మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళే రూల్‌బుక్ తీస్తారు, చదువుతారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇక మీ నోటి సంగతి. ఎన్పీసీ (మీరు ఆడించే పాత్ర) ఎంతైనా బొంకొచ్చు, కానీ డీఎం గొంతుతో మీరు చెప్పే ప్రతి మాటా నిజం అయ్యుండాలి. ఇన్‌సైట్ రోల్‌లో (ఎదుటివాడి మనసు పసిగట్టడానికి వేసే పాచికలో) 4 వచ్చిందని "అతను నిజమే చెప్తున్నాడు" అంటే అబద్ధం చెప్పింది మీరు. "అతని మొహం చూసి నీకేమీ తెలియట్లేదు" అనండి. రోల్‌లో 22 వచ్చినా "అబద్ధం చెప్తున్నాడు" అని తీర్పు ఇచ్చెయ్యకండి, కనపడింది చెప్పండి: "ఓడ మాట రాగానే చేతిలోని పాత్ర కింద పెట్టి మళ్ళీ తీసుకున్నాడు." దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో వాళ్ళ ఇష్టం. పాసివ్ ఇన్‌సైట్ (పాచిక వెయ్యకుండానే వాడుకునే) నంబర్లు అందరివీ ఒక కాగితం మీద రాసి స్క్రీన్ వెనక అంటించుకోండి, ప్రతిసారీ "ఇన్‌సైట్ రోల్ చెయ్" అన్నారంటే ఇక్కడేదో ఉందని మీరే చెప్పినట్టు.

మీ వాళ్ళ అనుమానం గురించి. దాన్ని అణచకండి, తినడానికి ఏదైనా పెట్టండి. మఠం కోశాధికారి నిజంగానే దొంగ అనుకోండి, ధాన్యం బస్తాలు పక్కదారి పట్టిస్తున్నాడు, లెక్కల పుస్తకంలో దొరికిపోయేలా ఉన్నాడు. పార్టీ రెండు మూడు సెషన్లలో పట్టేసుకుంటుంది. అప్పుడు మఠం ఏం చేస్తుంది? సిగ్గుపడుతుంది, క్షమాపణ చెప్తుంది, వాణ్ణి కావలివాళ్ళకి అప్పగిస్తుంది, పార్టీకి సభలో సన్మానం చేస్తుంది. "అనుమానించాం, ఉన్నది బయటికి లాగాం, అయిపోయింది" అని మీ ప్లేయర్స్ మనసులో ఫైల్ మూసేస్తారు. ఇందులోనూ అబద్ధం లేదు, వాడు నిజంగా దొంగే. కానీ వాడు మాయమయ్యే రోగుల జాబితా చూసిన నాలుగో మనిషి అని, అందుకే మఠం అంత త్వరగా వదిలించుకుందని తర్వాతెప్పుడో తెలుస్తుంది. జైల్లో వాడు బతికి ఉండాలి. వాడితో మళ్ళీ మాట్లాడాలని ఎవరికైనా తట్టితే అది వాళ్ళకి దక్కాల్సిన ఫలితం.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ టైం పెట్టాల్సిన చోటు. కల్ట్ ప్లేయర్స్‌కి నిజంగా పనికిరావాలి. డైలాగ్‌లో మంచితనం చూపిస్తే ఎవడూ పడడు, క్యారెక్టర్ షీట్ మీద కనపడాలి. పాత్రలు మూడో లెవెల్‌లో ఉండగా రివైవిఫై (చనిపోయినవాణ్ణి బతికించే స్పెల్) ఎవరి దగ్గరా ఉండదు, స్పెల్స్‌కి వేరే లెవెల్స్ ఉంటాయి, అది మూడో లెవెల్ స్పెల్, క్లెరిక్‌కి (పూజారి పాత్రకి) ఐదో లెవెల్‌లో గానీ రాదు. మీ పార్టీలో ఒకడు పడిపోతే మఠం వాళ్ళు నిమిషంలో పరిగెత్తుకొచ్చి 300 గోల్డ్ విలువైన వజ్రాలు వాడి బతికించారు, డబ్బు అడగలేదు. అయిపోయింది, ఆ ప్లేయర్ ఇక మఠం పక్షం. తర్వాత చిన్న చిన్న సాయాలు అడగాలి. మొదట ఒక పెట్టె పక్క ఊరికి చేర్చండి. తర్వాత ఎవరైనా అడిగితే ఆ రాత్రి మీరు మాతోనే ఉన్నారని చెప్పండి (నిజంగానే ఉన్నారు, భోజనానికి). తర్వాత ఒక మతి చలించిన అబ్బాయి మఠం నుంచి పారిపోయాడు, చలిలో చచ్చిపోతాడు, వెతికి తీసుకురండి. ఇక్కడ ఆగి చూడండి. ఆ అబ్బాయి "నన్ను తీసుకెళ్ళొద్దు" అని ఏడుస్తాడు, ఎందుకు అంటే పొంతన లేకుండా నీళ్ళ కింద దీపాలు అంటాడు. ప్లేయర్స్ వాణ్ణి వెనక్కి తీసుకొచ్చి అప్పగిస్తారా లేదా అన్నది పూర్తిగా వాళ్ళ చేతిలో పెట్టండి, ఒక్క ముక్క కూడా అటో ఇటో తొయ్యకండి. అప్పగిస్తే క్యాంపెయిన్‌కి వెన్నెముక దొరికినట్టే. అప్పగించకపోతే మీ చేతిలో సాక్షి ఉన్నాడు, పార్టీ వాణ్ణి ఎక్కడ దాస్తుందో చూసుకుంటూ మఠం మర్యాదగా, ప్రేమగా, ప్రతి రోజూ అడుగుతూ ఉంటుంది. రెండూ బాగుంటాయి.

క్లూల విషయంలో ఈ ఆటల మీద బ్లాగు రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాసిన మూడు క్లూల సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది: ప్లేయర్స్ ఒక నిర్ణయానికి రావాలంటే దానికి కనీసం మూడు క్లూలు ఉండాలి, ఒకటి మిస్సవుతారు, ఒకటి పట్టించుకోరు, ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు. ఓడ ఎక్కడికీ చేరట్లేదు అన్నదానికే చూడండి: హార్బర్ రిజిస్టర్, వేరే వేరే మనుషులు రాసినట్టున్నా ఒకే చేతిరాతలో ఉన్న ఉత్తరాలు, వలలో పడ్డ బట్టల మూట అమ్మే జాలరి. మూట ముడి పెద్దమ్మ వేసే ముడే. ఉత్తరాలు నిజంగా కాగితం మీద రాసి హ్యాండౌట్‌గా ఇవ్వండి, మీ ఒక్కరి చేతిరాతే కదా అన్నిటిలో, దాన్ని చూసీ చూడనట్టు ఉంటారు, "డీఎం రాశాడు కాబట్టి ఒకేలా ఉంది" అనుకుంటారు. కొంచెం దుర్మార్గమే అనుకోండి, కానీ కాగితం అబద్ధం చెప్పలేదు.

ఎనిమిదో లెవెల్ దాకా దాచాలన్న పట్టు మాత్రం వదిలెయ్యండి. నాలుగో లెవెల్‌లో కనిపెట్టేస్తే కనిపెట్టనివ్వండి. అడ్డుపడి క్లూ మార్చేశారా, టేబుల్ దగ్గర నమ్మకం పోతుంది. ఆరు గళ్ళ క్లాక్ ఒకటి గీసుకోండి, పార్టీ ఏమీ చెయ్యకపోతే కల్ట్ వరసగా ఏం చేస్తుందో గడికొకటి రాసుకోండి, బయటపడ్డ రోజున రెండు గళ్ళు ఒకేసారి నింపి వాళ్ళని తొందరపెట్టండి. నిజం తెలిశాకే అసలు ఆట మొదలవుతుంది, ఎందుకంటే ఊళ్ళో సగంమంది ఆ మఠం అన్నం తింటున్నారు, కావలి కెప్టెన్ కూతుర్ని బతికించింది వాళ్ళే, ఇప్పుడు పార్టీ వెళ్ళి "వాళ్ళు రాక్షసులు" అంటే ఎవడు వింటాడు? మఠాన్ని మూసేస్తే రేపు పొద్దున రోగులకి మందు ఎవరిస్తారు? పెద్దమ్మకి ఓడ సంగతి చెప్పేది ఎవరు? ఆ సీన్‌కి ఒక పూర్తి సెషన్ అట్టే పెట్టుకోండి.

ఫైట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కల్టిస్ట్ స్టాట్ బ్లాక్‌కి (రూల్‌బుక్‌లో ఇచ్చిన లెక్కల ప్రకారం) 9 హిట్ పాయింట్స్ (ప్రాణం లెక్క), ఫైర్‌బాల్ స్పెల్ సగటు డ్యామేజ్ 28, సేవ్ పాసైనా సగం 14. అంటే ఐదో లెవెల్ విజార్డ్ భోజనశాలలో ఒక్కటి వేస్తే వంటవాళ్ళతో సహా ఎవరూ మిగలరు. ఇది వాళ్ళకి తెలిసేలా ముందే గదిలో ఎవరెవరు ఉన్నారో పేరు పేరునా వర్ణించండి. లొంగిపోయేవాళ్ళు, పారిపోయేవాళ్ళు, మధ్యలో అడ్డం నిలబడేవాళ్ళు ఉండాలి, చివరి హిట్ పాయింట్ దాకా పోరాడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు చాలు.

సెషన్ జీరోలో (ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు) ఒక మాట చెప్పెయ్యండి: "ఈ కథలో మీరు నమ్మినవాళ్ళు మిమ్మల్ని మోసం చెయ్యొచ్చు, మతం, బ్రెయిన్‌వాష్ లాంటివి వస్తాయి." దీనివల్ల సస్పెన్స్ ఏం పోదు, ఎవరు అన్నది చెప్పట్లేదుగా. నిజజీవితంలో అలాంటి గుంపుల్లో ఇరుక్కుని బయటపడ్డవాళ్ళు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు, మీ టేబుల్ దగ్గర కూడా ఉండొచ్చు, చెప్పుకోరంతే. జాన్ స్టావ్రోపోలస్ 2013లో మొదలుపెట్టిన ఎక్స్ కార్డ్ టేబుల్ మధ్యలో పెట్టండి, ఎవరైనా తాకితే కారణం అడక్కుండా సీన్ మార్చెయ్యండి. పిల్లల మీద హింస ఉంటుందా, ఉంటే తెర వెనకేనా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి, పారిపోయిన అబ్బాయి సీన్ ఉంది కదా.

చివరగా మీరడిగిన రెండోది, ఒక ప్లేయర్‌ని రహస్యంగా కల్ట్ మనిషిగా పెట్టొచ్చా అని. నాకైతే ఇష్టం లేదు. మిగతా నలుగురూ నెలల తరబడి పక్కన కూర్చున్న ఫ్రెండ్‌ని నమ్మి ప్లాన్లు చెప్తారు, బయటపడ్డాక కోపం క్యారెక్టర్ మీద ఆగదు. అదే ప్లేయర్ తనంతట తను ఆట మధ్యలో "నేను వాళ్ళలో చేరతాను" అంటే అది వేరే కథ, అందరి ముందే ఆడించండి. ప్లేయర్స్‌కి తెలుసు, క్యారెక్టర్లకి తెలీదు, అందరూ కలిసి ఎంజాయ్ చేస్తారు. చేరినవాడికి మధ్య వలయం (ఆ పది పన్నెండు మంది) దాకానే దారి ఇవ్వండి, అమావాస్య ప్రార్థనకి పిలవండి, చేతిలో దీపం పెట్టి నీళ్ళలోకి మోకాలి దాకా దిగమనండి. దిగాక అక్కడ ఏం చూస్తాడన్నది మీ క్లాక్‌లో ఎన్ని గళ్ళు నిండాయో దాన్ని బట్టి పెట్టుకోండి: రెండు గళ్ళైతే మామూలు అలలే, నాలుగైతే నీళ్ళ కింద ఇంకో వరస దీపాలు.